పెద్ద కంపెనీ అయితే గది చవకగా ఎందుకివ్వాలి?

హైదరాబాద్ నుంచి కర్నూలుకు దాదాపు 210 కిలోమీటర్లు. హోటల్ గదులు అమ్ముకునేవాళ్లను ఇంతగా ఇబ్బంది పెట్టే దూరం ఇంకోటి ఉండదు. తెల్లారుజామున కారెక్కితే పదింటికల్లా కర్నూలులో ఉంటారు. పని చూసుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరతారు. 2023 సెప్టెంబర్‌లో కాచిగూడ – యశ్వంత్‌పూర్ వందే భారత్ మొదలయ్యాక కారు కూడా అక్కర్లేకుండా పోయింది. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో కర్నూలు సిటీ స్టేషన్‌లో దిగి, రాత్రి ఎనిమిది ప్రాంతంలో తిరుగు బండి ఎక్కేయొచ్చు. ఊరికి చాలా మంచిది, నేనూ అందులో వెళ్తుంటాను. కానీ మంచి రైలు వచ్చినప్పుడల్లా మాలాంటి హోటల్ వాళ్లకు వారం మధ్యలో నాలుగు గదులు ఖాళీ అవుతాయి. దూరంగా ఉన్న ఊరికి వచ్చినవాడు తప్పనిసరిగా పడుకుంటాడు. దగ్గరి ఊరికి వచ్చినవాడు అసలు పడుకోడు. మధ్యలో ఉన్న ఊరికి వచ్చినవాడు మాత్రం వాచీ చూసుకుంటాడు, పోదామా ఉందామా అని.

కాబట్టి కర్నూలులో రాత్రి ఉండిపోయేది రెండు రోజుల పని ఉన్నవాడే. ఓర్వకల్లు వైపు పనుల మీద వచ్చే ఇంజినీర్లు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు ఫ్యాక్టరీలకూ గనులకూ మిషన్లు రిపేరు చేయడానికి వచ్చే సర్వీసువాళ్లు, మార్చి, ఏప్రిల్‌లో బ్యాంకు ఆడిటర్లు, విత్తనాలు, పురుగుమందుల కంపెనీల మేనేజర్లు, మందుల కంపెనీల ఏరియా మేనేజర్లు. వీళ్లు కాక పెళ్లిళ్లకు వచ్చే చుట్టాలు, శ్రీశైలం, మంత్రాలయం దారిలో ఆగే కుటుంబాలు. మా మార్కెట్ ఇంతే. 2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైనప్పుడు అంతా మారిపోతుందనుకున్నాం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ రోడ్డు మీదా రైల్లోనే వస్తున్నారు.

నేను కర్నూలులో ఓ మధ్యస్థాయి హోటల్లో సేల్స్ చూస్తాను. అంతకు ముందు హైదరాబాద్‌లో ఓ పెద్ద హోటల్లో ఇదే పని. అక్కడ నేర్పిన పద్ధతి ఇది: ఏ కంపెనీ ఏడాదికి ఎన్ని రూమ్ నైట్స్ (ఒక గది ఒక రాత్రికి తీసుకుంటే ఒకటి) ఇచ్చిందో వరుసగా రాయాలి, పైన ఉన్నవాటిని కీ అకౌంట్లు, అంటే ముఖ్యమైన ఖాతాదారులు, అనాలి, వాటికి అందరికన్నా తక్కువ రేటు, అందరికన్నా ఎక్కువ మర్యాద, దీపావళికి అందరికన్నా పెద్ద స్వీట్ బాక్సు. నెలాఖరు మీటింగులో ఆ లెక్కలున్న ప్రొడక్షన్ రిపోర్ట్ తెరిచి ఆ పేర్లే చదవాలి. ఆ పద్ధతిని ఏమీ మార్చకుండా ఇక్కడికి తెచ్చుకున్నాం. నా వాదన ఏమిటంటే, మా సైజు ఊళ్లో, మా సైజు హోటల్‌కు అది నష్టం తెచ్చే పద్ధతి. ఎక్కువ గదులు తీసుకునే అకౌంటూ, మనకు ఎక్కువ పనికొచ్చే అకౌంటూ చాలాసార్లు వేర్వేరు. రూమ్ నైట్స్ లెక్క ఒక్కటే చూసేవాడికి ఆ తేడా ఎప్పటికీ కనపడదు.

ఓ ఊహా లెక్క వేద్దాం. అరవై గదుల హోటల్ అనుకోండి. ఓ పెద్ద కంపెనీ ఏడాదికి 1,500 రూమ్ నైట్స్ ఇస్తానని గదిని 1,800కు బేరమాడింది. ఇంకో చిన్న కంపెనీ 300 రూమ్ నైట్స్ మాత్రమే ఇస్తుంది, కానీ 2,800 కడుతుంది. బ్రేక్‌ఫాస్ట్, లాండ్రీ, కరెంటు, సబ్బులు అన్నీ కలిపి గదికి 600 ఖర్చనుకుందాం. పెద్ద కంపెనీ మీద మిగిలేది 18 లక్షలు, చిన్నదాని మీద 6 లక్షల 60 వేలు. ఇక్కడితో ఆపితే, పెద్ద కంపెనీయే ముఖ్యమనే ఓనర్ మాటే రైటు.

ఇక్కడ ఆపకూడదు. పెద్ద కంపెనీ ఏడాది బిల్లు 27 లక్షలు. 45 రోజులకు ఇస్తామని రాసుకుని 90 రోజులకు ఇస్తుంది. అంటే ఎప్పుడు చూసినా ఆరు లక్షల అరవై వేల పైచిలుకు మన డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద 12 శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 80 వేలు పోయినట్టే. అసలు దెబ్బ తేదీల దగ్గర తగులుతుంది. ఏడాదిలో నలభై రాత్రులు పెళ్లిళ్ల వల్ల ఊళ్లో ఎక్కడా గది దొరకదనుకుందాం. ఆ రాత్రుల్లో పెళ్లివాళ్లు 3,200 ఇస్తామని నిలబడి ఉంటే, మనం పది గదుల్ని 1,800కు ఇచ్చి కూర్చుంటాం. గదికి 1,400 చొప్పున నాలుగు వందల రూమ్ నైట్స్ మీద 5 లక్షల 60 వేలు. 18 లక్షల్లోంచి ఇవి రెండూ తీసేస్తే మిగిలింది 11 లక్షల 60 వేలు. రూమ్ నైట్‌కు 770 రూపాయల చిల్లర. చిన్న కంపెనీ ఇచ్చేది 2,200. ఐదో వంతు గదులతో సగానికి పైగా లాభం తెచ్చిన అకౌంటు రిపోర్టులో రెండో పేజీలో, ఎవరూ చదవని చోట ఉంటుంది.

అంకెలు మార్చుకుని మీ హోటల్‌కు మీరు వేసుకోవచ్చు. నా అనుభవంలో దిశ పెద్దగా మారదు. మారితే ఆ కంపెనీ నిజంగానే మంచి కంపెనీ, దాన్ని వదలకండి.

తేదీల సంగతి హైదరాబాద్‌లో ఇంత గట్టిగా తగలదు. అక్కడ ఎగ్జిబిషన్లు, కాన్ఫరెన్సులు ఏడాది పొడవునా ఉంటాయి. కర్నూలులో క్యాలెండర్ పంచాంగమే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం. ఈ నెలల్లో మంచి ముహూర్తం పడిందంటే కల్యాణ మండపాలన్నీ నిండి, వాటితోపాటు హోటళ్లూ నిండుతాయి. మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, మా హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కొత్త పంచాంగం చేతికి రాగానే ముహూర్తాల తేదీలు గుర్తు పెట్టుకోని సేల్స్ మేనేజర్‌కు ఇక్కడ ఉద్యోగం కష్టం. కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కు మాత్రం ఈ గొడవ పట్టదు. ఏడాది పొడవునా ఒకే రేటు, చివరి గది ఒక్కటే మిగిలినా అదే రేటుకు మాకే ఇవ్వాలి అని కాంట్రాక్టులో రాయిస్తారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని పాతిక ఊళ్ల హోటళ్లకు ఒకటే కాగితం పంపుతారు మరి.

చివరి గది షరతు గురించి ఇంకో మాట. దీని మీద ఆదాయపు పన్ను కోణం కూడా ఉందని చాలామంది హోటల్ వాళ్లకే తెలియదు. కంపెనీ మనకు కట్టే బిల్లులో అద్దె కింద టీడీఎస్ (బిల్లు కట్టేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) కోయాలా వద్దా అనే తగువు పాతది. 1995లో సీబీడీటీ, అంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, ఇచ్చిన 715 నంబర్ సర్క్యులర్, రెగ్యులర్‌గా తీసుకునే హోటల్ గదులకు 1961 ఆదాయపు పన్ను చట్టంలో అద్దె మీద టీడీఎస్ కోయమనే 194ఐ సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది. 2002లో ఇచ్చిన 5వ నంబర్ సర్క్యులర్ దాన్ని విడమర్చింది: గదులు కచ్చితంగా ఇచ్చి తీరాలన్న బాధ్యత హోటల్ మీద లేకుండా, ఫలానా రేటుకు ఇస్తామని మాత్రమే ఒప్పుకుంటే అది రేట్ కాంట్రాక్టు, దానికి ఆ సెక్షన్ వర్తించదు. కంపెనీ కోసం గదులు పక్కన పెట్టి ఉంచితే వర్తిస్తుంది. అంటే పెద్ద పేరుకు లొంగి గదులు పక్కన పెట్టి ఉంచుతామని రాసిచ్చినవాడు ముహూర్తం రోజు గదినీ పోగొట్టుకుంటాడు, ప్రతి బిల్లులో పది శాతం కోతకూ దారి ఇస్తాడు. కోసిన డబ్బు రిటర్న్ వేశాక వస్తుంది నిజమే, కానీ జీతాలు ఒకటో తారీఖున ఇవ్వాలి. రేట్ కాంట్రాక్టుకు కూడా అలవాటుగా పది శాతం కోసే అకౌంట్స్ వాళ్లున్నారు. ఆ సర్క్యులర్ కాపీ నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ప్రాజెక్టు అకౌంట్ల, అంటే పెద్ద నిర్మాణాలు చేసే కంపెనీల, విషయంలో మా వాళ్లకున్న మోజు ఇంకో రకం. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు, 2017లో పూర్తయింది. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు వందల మంది కావాలి. కట్టేశాక పలకలు కడిగేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది ఇంజినీర్లు చాలు. గాలిమరలదీ అదే కథ. ప్రాజెక్టు అకౌంటు మన సీమ వంకలాంటిది. పారినన్నాళ్లు ఒడ్లు తెంచుకుని పారుతుంది, ఆ నీళ్లను చూసి మూడు పంటల మడి నాటుకున్నవాడు మునుగుతాడు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చేదాకా అనంతపురం వైపు కొరియన్ ఇంజినీర్ల సందడి చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. కానీ కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు, ఆడిటర్లు, డీలర్లు వస్తూనే ఉంటారు. సోలార్ పార్కు చుట్టూ ఎవరూ రారు, ఎండ తప్ప. ఏ ప్రాజెక్టు పూర్తయ్యాక కూడా మనుషుల్ని రప్పిస్తుంది, ఏది రప్పించదు అని ముందే ఆలోచించడం మా పనిలో భాగం కావాలి. 2022 మేలో పిన్నాపురం కరెంటు ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అక్కడ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి అది. అంటే నీళ్లు, టర్బైన్లు, పంపులు. సోలార్ పలకల కన్నా వాటికి మనుషుల అవసరం ఎక్కువ. అలాంటి చోట రేటు కాస్త తగ్గించి అయినా పరిచయం నిలుపుకోమంటాను.

ప్రాజెక్టు పెద్దదైతే డబ్బుకు ఢోకా ఉండదనేది ఇంకో భ్రమ. మా ముందు బోర్డు మీద కనిపించేది పెద్ద కంపెనీ పేరు. గదుల్లో ఉండేది దాని కింద కాంట్రాక్టర్, ఆ కాంట్రాక్టర్ కింద ఇంకో సబ్ కాంట్రాక్టర్ మనుషులు. బిల్లు కంపెనీకే పంపండని చెప్పే బిల్ టు కంపెనీ లెటర్ మీద సంతకం సైట్ ఇన్‌ఛార్జిది. ఓ ప్రాజెక్టు విషయంలో మాకు ఇదే జరిగింది. పని అయిపోయింది, సైట్ ఆఫీసు కంటెయినర్ లారీ మీద వెళ్లిపోయింది, ఇన్‌ఛార్జి ఇంకో రాష్ట్రంలో చేరాడు. హెడ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఆ లెటర్ ఇచ్చేందుకు ఆయనకు అధికారం లేదు మేడం" అన్నారు. ఆ అధికారం లేని లెటర్ మీద అప్పటిదాకా బిల్లులు ఎలా పాసయ్యాయని అడిగితే సమాధానం లేదు. ఆ డబ్బు ఇంకా రాలేదు. ఇలాంటి బాకీ లేని హోటల్ హైవే పొడవునా ఉండదేమో.

చట్టం మన వైపే ఉంది, చెప్పాలంటే. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్‌లో, అంటే చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన రిజిస్ట్రేషన్‌లో, నమోదైన హోటల్‌కు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనేవాడు డబ్బు కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నియమం కూడా చేరింది. కొన్న కంపెనీ గడువులోగా కట్టకపోతే, డబ్బు కట్టిన ఏడాదే ఆ బిల్లును తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవాలి. ఇది వచ్చాక పెద్ద కంపెనీలు భయపడి తొందరగా కడతాయనుకున్నాం. కొన్ని కట్టాయి కూడా. ఇంకొన్ని మాత్రం "మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?" అని అడిగి, ఉందంటే మొహం మాడ్చుకున్నాయి. రిజిస్ట్రేషన్ లేని హోటల్ అయితే ఇంకా బాగుణ్ణు అన్నట్టు. చట్టం చూపించి వసూలు చేసుకోవడం, మరుసటి ఏడాది ఆ కంపెనీ గదులు పక్క హోటల్‌కు పోవడం – రెండూ జరిగేవే. అందుకే ఈ సంగతి వసూళ్ల దగ్గర కాకుండా, రేటు మాట్లాడుకునే రోజే టేబుల్ మీద పెట్టాలంటాను. అప్పుడు ఎవరికీ అవమానం అనిపించదు.

జీఎస్టీ వల్ల మా ఊరికి ప్రత్యేకంగా వచ్చిన చిక్కు ఒకటుంది. హోటల్ గదికి పన్ను హోటల్ ఉన్న రాష్ట్రానికే చెందుతుంది. కర్నూలులో పడుకుంటే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఆంధ్రప్రదేశ్ ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడతాయి. కంపెనీకి 37తో మొదలయ్యే మన రాష్ట్రం జీఎస్టీ నంబర్ ఉంటేనే ఆ పన్ను క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, పనికొస్తుంది. మా అతిథుల కంపెనీల్లో చాలావాటికి ఉన్నది 36తో మొదలయ్యే తెలంగాణ నంబర్, లేదా 29తో మొదలయ్యే కర్ణాటక నంబర్. తుంగభద్ర దాటితే తెలంగాణ, ఆదోని, మంత్రాలయం దాటితే కర్ణాటక. సరిహద్దు ఊరికి ఇది తప్పదు. రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే ఐజీఎస్టీ వేసి ఇమ్మని మొదట్లో ఫోన్ మీద ఫోన్ వచ్చేది. వేయకూడదు అని చెప్పడానికి నా గొంతు అరిగింది. బిల్లు మీద నంబర్ ఒక్క అంకె తప్పినా అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపుతారు. సరిచేసిన బిల్లు తేదీ నుంచి మళ్లీ 45 రోజులు లెక్కపెడతారు. వచ్చే నెల 11లోగా మనం జీఎస్టీఆర్–1 అనే అమ్మకాల రిటర్న్ వేసి, అది వాళ్ల 2బి అనే క్రెడిట్ పట్టికలో కనిపిస్తేగానీ డబ్బు కదలదు. ఫ్రంట్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి గుడ్ మార్నింగ్ చెప్పడం కన్నా ముందు జీఎస్టీ నంబర్ చూసుకోవడం నేర్పాలి.

2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 2,000 గది అప్పటిదాకా 2,240 పడేది, ఇప్పుడు 2,100. కంపెనీలకు లాభమే, ముఖ్యంగా క్రెడిట్ తీసుకోలేని 36, 29 నంబర్లవాళ్లకు. అయినా అడుగుతున్నారు: "పన్ను తగ్గింది కదా మేడం, రేటు కూడా తగ్గియ్యండి." పన్ను తగ్గడంతోపాటు హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మేం కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, పోయింది. లిఫ్ట్ మెయింటెనెన్స్ మీద, ఏసీ సర్వీసు మీద, ఆన్‌లైన్ బుకింగ్ సైట్ల కమీషన్ మీద మేం కట్టే 18 శాతం ఇప్పుడు మా నెత్తిన ఉండిపోయే ఖర్చు. ఈ సమయంలో పెద్ద పేర్లకు ఇంకా తగ్గించి ఇవ్వడం అంటే, వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన తగ్గింపు మీద మన జేబులోంచి ఇంకో తగ్గింపు ఇవ్వడమే. మరోవైపు, కమీషన్ లేకుండా నేరుగా ఫోన్ చేసి గది తీసుకునే చిన్న కంపెనీ విలువ మునుపటికన్నా పెరిగింది. దీన్ని గమనించిన హోటళ్లు మా ఊళ్లో తక్కువ.

ఆ చిన్న కంపెనీలు ఎవరు? మా విషయంలో ముందు వరస విత్తనాలు, పురుగుమందుల వాళ్లది. ఏరియా మేనేజర్లు నంద్యాల, ఎమ్మిగనూరు, ఆదోని తిరిగి కర్నూలులో పడుకుంటారు. నెలకు నాలుగైదు గదులే. కానీ ఖరీఫ్ ముందు, మే, జూన్‌లో విత్తనాలోళ్ల డీలర్ మీట్లు ఉంటాయి. పురుగుమందులోళ్లు విత్తు పడ్డాక, జూలైలో పెడతారు. అప్పుడు మాకు ఆషాఢం, హాలు ఎవరూ అడగని నెల. డీలర్లు వంద, నూట ఇరవై మంది వస్తారు, సంగటి, మటన్ లేకపోతే మీటింగే కాదంటారు. అడ్వాన్సు ముందే వేస్తారు, మిగతాది సాయంత్రం లెక్క తేల్చి పోతారు. ఓ ఏరియా మేనేజర్ ఓసారి నాతో అన్నాడు: "హాలు ఎట్లున్నా పర్లేదు మేడం, మటన్ తక్కువ పడితే మాత్రం నా సరుకు ఎవరూ ఎత్తరు." వాళ్లకు గది రేటులో వంద తగ్గించడం కన్నా ముక్క ధారాళంగా వేయడం మేలు. ఇలాంటి తెలివి ఏ కార్పొరేట్ కాంట్రాక్టులోనూ రాసి ఉండదు.

మందుల కంపెనీలు మరో వరస, కాస్త తగ్గిన వరస. సాయంత్రం డాక్టర్ల మీటింగ్, ఆ తర్వాత డిన్నర్ – మెడికల్ కాలేజీ ఉన్న ఊరికి ఇది పెద్ద ఆదాయం. 2024 మార్చిలో కేంద్రం కొత్త మార్కెటింగ్ నియమావళి తెచ్చి, డాక్టర్లకు కంపెనీలు ఇచ్చే విందులు, వసతి మీద కట్టుబాట్లు పెట్టింది. మంచి నియమమే, రోగి వైపు నుంచి చూస్తే. హాలు వైపు నుంచి చూస్తే సాయంత్రాలు పలచబడ్డాయి.

ఇక నిర్ణయం తీసుకునేది ఎవరు అనే దగ్గర పుస్తకాల్లో చెప్పేదానికీ ఇక్కడ జరిగేదానికీ పొంతన లేదు. హోటల్ చూడ్డానికి వచ్చి, సూట్ రూమ్‌లో కాఫీ తాగి, "నైస్ ప్రాపర్టీ" అని వెళ్లిపోయే వైస్ ప్రెసిడెంట్‌కు ఏ గది ఎప్పుడు బుక్ అవుతుందో తెలియదు. అది చేసేది ట్రావెల్ డెస్క్‌లో కూర్చున్న అమ్మాయి. రాత్రి పదకొండుకు దిగిన మేనేజర్‌కు రిసెప్షన్‌లో "మీ పేరు మీద బుకింగ్ లేదు సార్" అంటే, తిట్లు తినేది ఆమె. ఆమెకు పది నిమిషాల్లో కన్ఫర్మేషన్ వాట్సాప్ చేసే హోటల్‌నే ఆమె మళ్లీ ఎంచుకుంటుంది. ఇంకొకరు డ్రైవర్. మా అతిథుల్లో చాలామంది కారులో వస్తారు. డ్రైవర్‌కు పడుకోవడానికి చోటు, ఫ్యాను, స్నానానికి వేడి నీళ్లు, వేళకు అన్నం లేకపోతే రెండోసారి ఆ కారు మన గేటు దాకా రాదు. "సార్, ఆడ కారు పెట్టే జాగా లేదు, ఇంకోదానికి పోదాం" అని ఆ డ్రైవరన్న ఒక్క మాటంటే చాలు, సార్ తల ఊపుతారు. డ్రైవర్ల డార్మిటరీలో పరుపులు మార్చమని మా హోటల్లో ఎంత పోట్లాడానో నాకే తెలుసు. లాబీలో షాండ్లియర్‌కు మాత్రం ఎవరూ పోట్లాడకుండానే డబ్బొచ్చింది.

"మరి మా సంగతేంది మేడం?" అనే అడ్మిన్ వాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట అడిగిన చోట నేను రేటు పెంచను, తగ్గించను, ఇంకో టీ చెప్పి లేస్తాను. నీతి సంగతి అటుంచితే, చేయి తడిపి తెచ్చుకున్న అకౌంటు ఆ మనిషి బదిలీ అయిన రోజే పోతుంది.

నా మాటకు ఎదురు వాదన బలమైనదే ఉంది, మా జనరల్ మేనేజర్ ప్రతిసారీ అదే చెబుతారు. ఆషాఢంలో ఆదివారం రాత్రి, మూఢంలో మంగళవారం రాత్రి హోటల్లో లైట్లు వెలగాలంటే పెద్ద కంపెనీ గదులే దిక్కు. వంటవాడి జీతం, బ్యాంకు వాయిదా, కరెంటులో ఫిక్స్‌డ్ ఛార్జీలు గదులు నిండినా నిండకపోయినా కట్టాలి. 1,800కు ఇచ్చిన గది ఖాళీ గది కన్నా మేలు. ఇది నిజం, దీన్ని నేను కాదనను. నేను కాదనేది ఆ తక్కువ రేటును ఏడాది పొడవునా, ముహూర్తం రోజు కూడా, 90 రోజుల అప్పు మీద ఇవ్వడాన్ని. కంపెనీలకు నేను చెప్పేది ఇదే: ఖాళీ రోజులకు తక్కువ రేటు కావాలంటే తీసుకోండి, ఇంకా వంద తగ్గిస్తాను. నిండే రోజులకు ఆ రోజు రేటు కట్టండి, లేదా వారం ముందు చెప్పండి. బేరం అంటే రెండు వైపులా ఏదో ఒకటి వదులుకోవడం కదా. పెద్ద కంపెనీ ముందు కూర్చుంటే వదులుకోవడం మన వంతు మాత్రమే అన్నట్టు ప్రవర్తిస్తాం. పెద్ద కంపెనీలో కూర్చున్న పర్చేజ్ మేనేజర్ కూడా జీతగాడే, అతనికీ కర్నూలులో రాత్రి పన్నెండుకు తన ఇంజినీర్‌కు గది దొరక్కపోతే టెన్షనే. మన దగ్గరా అమ్మే వస్తువు ఉందని మనం మర్చిపోతాం.

ఈ ఏడాది రేటు లెటర్లు కొంచెం వేరుగా రాశాం. మొదటి పేజీలో రేటు, రెండో పేజీలో ఆ రేటు వర్తించని ముహూర్తం తేదీల పట్టిక, కింద ఉద్యమ్ నంబర్, 45 రోజుల గడువు. ఎవరి సంతకం చెల్లుతుందో వాళ్ల పేరు, హోదా రాయడానికి ఓ ఖాళీ గడి. విత్తనాల కంపెనీలు చదివీ చదవకుండా సంతకం పెట్టి పంపాయి. ఓ పంపుల సర్వీసు కంపెనీ ముహూర్తం తేదీల్లో రెండు గదులైనా పాత రేటుకు ఇమ్మంది, ఇచ్చాం. పెద్ద అకౌంట్లలో ఒకటి గడువు మీద గీత కొట్టి 60 అని రాసి పంపింది. మా ఓనర్ దానికి ఒప్పేసుకుందామంటారు, ఆ పేరు మా బ్రోషర్‌లో ఉంది మరి. నేను ఆ లెటర్ ఇంకా తిరిగి పంపలేదు. సోమవారం హైదరాబాద్ వెళ్లి మాట్లాడొస్తానని చెప్పాను, వందే భారత్ ఇక్కడి నుంచి అటు వెళ్లేది రాత్రే, దానిలో అయితే సాయంత్రానికే తిరిగి రాలేను కాబట్టి బస్సుకు టికెట్ తీశాను.